పూజకు ఆపిన సర్వరు

2008 సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. ఆ మధ్యాహ్నం ఆఫీసు వరండాలో అందరూ బారుగా కూర్చుని ఖిచుడీ, వంకాయ వేపుడు, టమాటా చట్నీ తిన్నారు. కోదండానికి ఆ తేదీ గుర్తుండిపోవడానికి ఆ భోజనం ఒక కారణం. భార్య నారాయణమ్మ పోయాక, వద్దంటున్నా ఇంకో గరిటె వేసేవాళ్ళు అతనికి కరువయ్యారు. ఆ రోజు ఆఫీసు గదులు ఊడ్చే దాలమ్మ రెండుసార్లు వేసింది.

ఇంకో కారణం మర్నాటిది.

కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఓడ సరుకులు విడిపించే కంపెనీ అది. పూజనాడు కలకత్తాలో తిరిగే ప్రతి యంత్రానికీ సెలవు. రిక్షాను కడిగి దండ వేస్తారు, లేత్ మిషనుకు బొట్టు పెడతారు. అదే పద్ధతిలో ఈ ఆఫీసులో కంప్యూటర్ల గదిలోని సర్వరును ఆపి, బంతిపూల దండ వేశారు. దాలమ్మ దానికి సిందూరం పెట్టి, గంగాజలం చిలకరించింది.

గురువారం ఉదయం, కంప్యూటర్లు చూసుకునే కోదండం మీట నొక్కాడు. సర్వరు లేచింది, దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. దాని కడుపులో ఉన్న మూడు మిషన్లు మాత్రం లేవలేదు. అవి చేత్తో ముట్టుకునే మిషన్లు కావు. ఒక పెద్ద ఇంట్లో అద్దెకుండే కుటుంబాల్లాగా, లినక్స్ మీద నడిచే ఆ ఒక్క సర్వరులోనే విడివిడిగా బతికే వర్చువల్ మిషన్లు. లారీలకు రేవులోని డాకు గేటు పాసులిచ్చే పాత ప్రోగ్రాం వాటిలో ఒకదానిలో ఉంది.

"విశ్వకర్మకి మన మిషను నచ్చీసింది దాదా, కూడా ఒట్టుకెళ్ళిపోనాడు" అన్నాడు గుమస్తా మల్లేశు. ఎవరూ నవ్వలేదు. కింద రోడ్డు మీద లారీలు అప్పుడే హారన్లు మొదలుపెట్టాయి.

మేనేజరు రఘురాం వచ్చాడు. వరంగల్ మనిషి, కలకత్తాకు కొత్త.

"ఏందిది కోదండం గారూ? మొన్నటిదాంక మంచిగనే నడిచె గదా?"

"నడిచింది సార్."

"నిన్న నీళ్ళు చల్లిన్రంట గదా! కరెంటు మిషను మీద నీళ్ళేందండీ, తులసికోటనా అది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండు సుక్కలే బాబూ. పువ్వుతోటి అలా సిలకరించినాను, అంతే. ఎప్పుడూ సేసిందే."

రఘురాం చెడ్డవాడు కాదు. కానీ హెడ్డాఫీసు ఫోన్లు అతన్ని నిలవనివ్వడం లేదు. మనుషుల్ని పంపే కాంట్రాక్టరుకు అక్కడే నిలబడి ఫోన్ చేసి, రేపటినుంచి దాలమ్మ బదులు ఇంకొకరిని పంపమన్నాడు. దాలమ్మ భర్త దేముడు డాకులో నడుము విరిగి మంచం పట్టాక ఇల్లు ఆమె పని మీదే నడుస్తోంది. ఆ సంగతి కోదండానికి తెలుసు. రఘురాంకు తెలియదు.

కోదండం సర్వరు మూత విప్పాడు. దుమ్ము, ఒక బంతిరేక. తడి లేదు.

"ఎండిపోయుంటది. లోపల ఏం కాలిందో ఎవలకెరుక?" అన్నాడు రఘురాం. నీళ్ళు కాదని నోటితో అంటే చాలదు. మరేమిటో చూపించాలి.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఏ వర్చువల్ మిషనును లేపబోయినా ఒకే జవాబు: ఇప్పుడు నడుస్తున్న కెర్నెలుకు సరిపోయే మాడ్యూలు లేదు. లినక్స్‌కు గుండెకాయ లాంటిది కెర్నెల్. దానికి అతుక్కునే మాడ్యూలు అనే చిన్న ముక్క ఒకటుంటేనే ఈ మిషన్లు లేస్తాయి. కెర్నెల్ మారితే ఆ ముక్కనూ కొత్తగా తయారుచేసుకోవాలి. కెర్నెల్ ఎప్పుడు మారింది? తెర మీద దాని నంబరు చూశాడు. తనకు అలవాటైన నంబరు కాదు.

కాసేపటికి గుర్తొచ్చింది. వానలు మొదలైనప్పుడు అప్‌గ్రేడ్ చేసింది తనే. కొత్త కెర్నెల్ వచ్చి డిస్కులో కూర్చుంది. కానీ సర్వరును ఆపి లేపితే తప్ప అది పనిలోకి దిగదు. నిన్నటి పూజ దాకా దీన్ని ఎవరూ ఆపలేదు. కిందటి చలికాలంలో వచ్చిన సర్వరుకు ఇదే మొదటి పూజ.

మాడ్యూలు తయారుచేద్దామంటే దానికి కావలసిన ఫైళ్ళు ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలి. పొద్దుటి వానకు లైను పోయింది. లైనువాళ్ళు వస్తామన్నారు, రాలేదు. మధ్యాహ్నం అట్లాగే పోయింది. కోదండానికి మెడ పట్టేసింది, కళ్ళు మండాయి. దాలమ్మ ఎప్పుడు తెచ్చిందో, మట్టి పిడతలో టీ మోచేతి పక్కన ఉంది. ఆమె టేబుల్ ఫ్యాను అతని వైపు తిప్పి వెళ్ళింది.

ఒక దారి మిగిలింది. పాత కెర్నెల్ ఇంకా డిస్కులోనే ఉంది. లేచేటప్పుడు వచ్చే పట్టికలో దాన్ని ఎంచుకుంటే చాలు. దానితో మిషన్లు లేస్తే నీళ్ళ మాట కూడా అక్కడితో తీరిపోతుంది.

"సార్, ఒకసారి మీరూ ఉండండి" అని రఘురాంను పిలిచాడు.

సర్వరును ఆపి లేపాడు. పాత మానిటరు బద్ధకంగా వేడెక్కి వెలిగేసరికి పట్టిక వచ్చి వెళ్ళిపోయింది.

"ఏం కనవడ్తలేదు గదండీ."

"తెర ఆలస్యంగా వెలుగుతోంది సార్. ఇంకోసారి."

ఈసారి పట్టిక వెళ్ళిపోకుండా ఆగేందుకు, తెర నల్లగా ఉండగానే కిందికి బాణం మీట గుడ్డిగా నొక్కుతూ కూర్చున్నాడు. తెర వెలిగింది. పట్టిక కదలకుండా నిలబడి ఉంది. పాత కెర్నెల్ దగ్గర ఎంటర్ కొట్టాడు. ఒక వర్చువల్ మిషను లేచింది. దాని వెనక రెండోది. గేటు పాసులది చాలాసేపు ఆలోచించి, అదీ లేచింది.

వరండాలోంచి మల్లేశు ఈల వేశాడు.

"మరి నీళ్ళో?" అన్నాడు రఘురాం.

"నీళ్ళయితే ఇప్పుడూ లేవకూడదు సార్. నేను పెట్టిన కొత్త కెర్నెలుతో వచ్చింది ఇదంతా. పెట్టిన రోజే ఆపి లేపి చూడాల్సింది. చూడలేదు."

రఘురాం అతని వైపు తిరిగాడు. "తప్పు ఆమె మీదికే పోనిస్తే ఈ మాట మీకు రాకపోవు."

కోదండం కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రఘురాం ఫోన్ తీసి కాంట్రాక్టరుతో హిందీలో కొత్తమనిషి వద్దన్నాడు, దాలమ్మనే ఉండనిమ్మన్నాడు. దాలమ్మ వైపు చూడలేకపోయాడు. వెళ్తూ వెళ్తూ, "హెడ్డాఫీసుకు నేనే చెప్త. మీరు ఇంటికి పొండి, మొహం పీక్కపోయింది" అన్నాడు.

పాసులు ముద్రించడం అయ్యేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. రోడ్డు మీద హారన్లు తగ్గాయి. కోదండానికి కుర్చీలోంచి లేవాలనిపించలేదు.

"అన్నియ్యా, కాళ్ళు ఎత్తు" అంది దాలమ్మ, చీపురుతో వచ్చి. ఇప్పటిదాకా ఆఫీసులో ఆమె కూడా అందరిలాగే బెంగాలీ పద్ధతిలో దాదా అనేది.

ఎత్తాడు.

"అయితే రేపు నానొచ్చీమంటావా?"

"రాకపోతే ఈ చెత్త ఎవరెత్తుతారు, నేనా?"

"ఏటన్నియ్యా, నీకూ ఎటకారమే!" అని, ఆమె మొహం అటు తిప్పుకుని టేబుల్ కింద చాలాసేపు ఊడ్చింది.

కోదండం గొడుగు తీసుకుని మెట్ల దాకా వెళ్ళాడు. వెనక సర్వరు గదిలో లైటు ఆరింది. దాలమ్మ రెండు చేతులతో తలుపు పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరకు వేసింది.