నీల అడిగిన ఆట

జగిత్యాలలో షోరూము మెట్లు దిగేసరికి సంధ్యకు కాళ్లు పీకడం మొదలైంది. పొద్దున ఏడింటికే ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని సిరిసిల్లలో బస్సెక్కింది. వారంలో ఆరు రోజులు బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టే మనిషికి ఆదివారం ఒక్కటే చేతికి దొరుకుతుంది. ఆమె భర్త శ్రీశైలానికి అదీ లేదు. బట్ట నేసే సాంచాల మీద డ్యూటీ, ఆ మరమగ్గాల చప్పుడులోనే అతని ఆదివారాలు గడిచిపోతాయి.

పెద్దమ్మాయి నీలకు పన్నెండేళ్లు. రెండేళ్ల కిందట చందుర్తి దగ్గర ఆటో బోల్తాపడి ఎడమ భుజంలో నరాలు తెగాయి. ఆపరేషన్ అయింది, చెయ్యి మిగిలింది, కదలిక మిగల్లేదు. అప్పటి నుంచి బయటికి ఆటలకు పోదు. తొమ్మిదేళ్ల చెల్లెలు కళ్యాణి ఫోన్లో గేములు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తుంది. ఈ రెండేళ్లలో ఏదీ అడగని పిల్ల, మొన్న ఒకరోజు "అమ్మా, టీవీకి పెట్టి ఆడేది కొంటవా?" అంది. సంధ్య ఏమీ ఆలోచించకుండానే సరేనంది.

కొనడం తేలిక కాదని తరవాత తెలిసింది. సిరిసిల్ల కొట్లలో దొరికినవన్నీ రెండు చేతులా పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఆడేవే. జగిత్యాల షోరూములో అమ్మే అతను బొమ్మ ఎంత బాగా వస్తుందో, ఎన్ని ఆటలు పడతాయో చాలాసేపు చెప్పాడు. "ఒక్క చేత్తోని ఆడొస్తదా?" అని సంధ్య అడిగాక నీల చేతి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. తరవాత ఒక ఉపాయం చెప్పాడు. రెండు రిమోట్లు కలిపి ఒకే ఆటగాడిలా పెట్టొచ్చట. ఒక పాప మనిషిని నడిపిస్తుంది, ఇంకో పాప బటన్లు ఒత్తుతుంది.

కళ్యాణి ఎగిరి గంతేసింది. "అక్కా, నీ ఎడమ చెయ్యి నేనే!"

నీల చేతిలోని రిమోటును బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది.

"ఏమైందే?" సంధ్య వెనకాలే వచ్చింది.

"నాకద్దు."

"ఎందుకద్దు బిడ్డా? నువ్వే అడిగినవ్ గద."

"జడ నువ్వేస్తవ్. బ్యాగు చెల్లె మోస్తది. నీళ్ల బాటిల్ మూత గూడ ఎవలో ఒకలు తియ్యాలె. ఆట గూడ ఒకలు ఆడిపియ్యాల్నా?"

కళ్యాణి మొహం మాడిపోయింది. తాను చేసిన తప్పేమిటో అర్థంకాక ఏడవడం మొదలుపెట్టింది. సంధ్యకు మాత్రం ఏడుపు రాలేదు. ఏదీ కొనకుండా ఇంటికి పోయి, తలుపు దగ్గరేసుకుని పడుకోవాలనిపించింది. కానీ కంపెనీలో పక్క మిషన్ మీద కుట్టే వసంత కోరుట్లలో ఒక కొట్టు గురించి చెప్పిన మాట గుర్తొచ్చింది. కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా ఇల్లు చేరవచ్చు. ఎలాగూ తిరిగి పోవాల్సిందే కదా అని పిల్లలను కోరుట్ల బస్సెక్కించింది.

కోరుట్లలో ఆ కొట్టు నడిపే భూమన్నకు అరవై దాటి ఉంటాయి. టీవీలు బాగుచేస్తాడు, దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు వదిలించుకునే సామాను అమ్ముతాడు. సంధ్య మొదటి నుంచి అంతా చెప్పబోతే చేత్తో ఆపి, నీలను అడిగాడు.

"నీకు ఏ ఆటంటే ఇష్టం బిడ్డా?"

సంధ్య ఉలిక్కిపడింది. ఇన్ని కొట్లు తిరిగింది గానీ ఆ మాట తనూ అడగలేదు.

"కార్లది," అంది నీల.

భూమన్న బల్ల కిందికి వంగి, దుమ్ము పట్టిన సంచీలోంచి ఒక స్టీరింగు, దానికి వైరుతో తగిలించిన రెండు పెడల్స్ బయటికి లాగాడు. "ఆర్నెల్లాయె, దీన్ని ఎవలు అడుగలే. ఒక్క చేత్తోని తిప్పొచ్చు. రేసు, బ్రేకు కాళ్లతోనే. కని జర ఇను చెల్లె. గిది గీ పాత గేము డబ్బకే పనిచేస్తది, కొత్తయాటికి చెయ్యది. బొమ్మ గూడ గంత మంచిగ రాదు."

"గ్యారంటీ ఉందా అన్నా?"

"లేదు. చెడిపోతే తీస్కరా, చేసిస్త."

చెడిపోతే మళ్లీ ఒక ఆదివారం పోయినట్టే. సంధ్య నిర్ణయించుకోలేక స్టూలు మీద కూలబడింది. భూమన్న స్టీరింగును బల్ల అంచుకు బిగించి, కళ్యాణికి ఒక మామూలు రిమోటు ఇచ్చాడు. మొదటి పందెంలో నీల కారు గోడకు గుద్దుకుని అక్కడే గిరగిరా తిరిగింది. కళ్యాణి గెలిచి, భయంగా తల్లి వైపు చూసింది.

"మళ్ల పెట్టు," అంది నీల.

అలా నాలుగుసార్లు ఓడింది. సంధ్య ఐదో పందెం చూడలేదు, కూర్చున్నచోటే కునుకు పట్టింది. భూమన్న చాయ్ గ్లాసు పట్టుకుని లేపేసరికి నీల నుదుటి మీద చెమట ఉంది, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని తెరకేసి చూస్తోంది. కారు వంకరటింకరగానే అయినా రోడ్డు మీదే పోతోంది.

"ఇవే కట్టియ్యన్నా," అంది సంధ్య.

ఇంటికి తెచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. స్టీరింగు బిగించడానికి టీపాయి అంచు సరిపోలేదు. సంధ్య కుట్టుమిషన్ బల్ల ఒక్కటే సరిపోయింది. కంపెనీ నుంచి వచ్చాక ఆమె వాడకట్టోళ్ల జాకెట్లు కుట్టేది దాని మీదే. ఇప్పుడు పిల్లల ఆట అయిపోయేదాకా ఆగాలి. జాకెట్లు ఆలస్యమవుతున్నాయని ఇద్దరు ముగ్గురు గొణిగారు.

మూడో వారం ఒక సాయంత్రం ఆమె వంటింట్లో బియ్యం కడుగుతుంటే కేకలు వినబడ్డాయి. నీల మొదటిసారి గెలిచింది. కళ్యాణి ఒప్పుకోవడం లేదు.

"దొంగాట! నువ్వు అడ్డమచ్చినవ్!"

"అస్త! నీకు నడపరాదంటే నేనేం జెయ్య?"

రిమోటు నేలకేసి కొట్టిన చప్పుడు, వెంటనే ఒక దెబ్బ, ఏడుపు. సంధ్య తడి చేతులతోనే వచ్చింది. కళ్యాణి వీపు రుద్దుకుంటోంది.

"సిగ్గులేదానే నీలా! గంత పెద్దదానివి, చిన్నపిల్లను కొడుతవా? బందు పెట్టు, ఇద్దరు బందు పెట్టుండ్రి!"

అరిచేసి ఆగిపోయింది. ప్రమాదం తర్వాత నీల మీద ఇంత గొంతు లేపడం ఇదే మొదలు. ఇంట్లో ఎవరూ ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. ఏ తప్పు చేసినా, పోనీలే పాపం అనుకునేవాళ్లు. నీల ఎక్కడ నొచ్చుకుందో అని భయంగా చూసింది.

నీల స్టీరింగు వదల్లేదు. మొహం ఎర్రగా ఉంది.

"అదే ఫస్టు రిమోటు ఇసిరింది. నన్నే అంటవేంది? ఇంకొక్కటమ్మా, ఒక్కటంటే ఒక్కటే."

కళ్యాణి అప్పటికే ముక్కు చీదుకుంటూ రిమోటు ఏరుకుంటోంది.

మిషన్ పక్కన నాలుగు జాకెట్లు మడతలు విప్పకుండా ఉన్నాయి. వాటిని చూస్తే సంధ్యకు లేని ఒళ్లునొప్పులు కూడా వచ్చాయి. "ఒక్కటే," అని చెప్పి, గోడకు ఆనుకుని కూర్చుని కాళ్లు చాపుకుంది.