కాస్త దగ్గరగా

మా గోల్ఫ్ క్లబ్బులో ఆ మాట ఎవరూ పైకి అనరు. కొట్టిన బంతి ముందుకు పోకుండా కుడిపక్కకి చివ్వున దూసుకుపోయే జబ్బు పేరు షాంక్. పేరెత్తితే అంటుకుంటుందట. పదిమందికి ఆట నేర్పే పెద్దమనుషులు కూడా గొంతు తగ్గించి 'అది' అంటారు. నాకు 'అది' వచ్చాక క్యాంటీన్లో నా పక్క కుర్చీలో కూర్చునే నాథుడే లేడు.

వచ్చింది కూడా ఎప్పుడు? పెదనాన్న రిటైరవబోయే ముందు. ఆయన క్లబ్బుకి పెద్ద కోచ్. ఆయన తర్వాత ఎవరో తేల్చడానికి కమిటీవాళ్లు ఆయన కొడుక్కీ నాకూ ఒక ఆట పెట్టారు. నా చేతికి మొదట కర్ర ఇచ్చి, ఎలా పట్టుకోవాలో నేర్పింది పెదనాన్నే. ఆ ఉద్యోగం తప్ప నేను జీవితంలో ఇంకేదీ అంతగా కోరుకోలేదు.

ప్రాక్టీసులో నా బంతులు వరసపెట్టి కంచెకి తగులుతుంటే ఆయన చేతులు కట్టుకుని చూశాడు.

"కాస్త దగ్గరగా నిలబడు తల్లీ."

జరిగాను. జబ్బు ముదిరింది.

"ఇంకాస్త," అన్నాడు. ఇంకాస్త జరిగాను. ఆయన మాట నాకు వేదవాక్కు మరి.

ఆట రోజు అన్నయ్య ఏమంత గొప్పగా ఆడలేదు. అయినా చివరి హోల్‌కి వచ్చేసరికి ఇద్దరం సమానంగా ఉన్నాం. అక్కడ నా బంతి కుడివైపు పొదల్లోకి పోయింది. దాంతో ఉద్యోగమూ పోయింది.

"బాధపడకే చెల్లీ," అన్నాడు అన్నయ్య. వాడికి పాపం నిజంగానే ఏమీ తెలీదు.

తర్వాతి వారం షెడ్డులో కర్రలు తుడుస్తుంటే, కిటికీ అవతల పెదనాన్న ఒక పళ్లడాక్టరుకి పాఠం చెబుతున్నాడు. డాక్టరుదీ నా జబ్బే. బంతికి అవతలి పక్కగా ఒక అట్టపెట్టె పెట్టి, కొట్టమన్నాడు. బంతితోపాటు పెట్టె కూడా ఎగిరింది.

"చూశారా సార్? వేళ్ల మీద నిలబడి బంతి మీదకి పడిపోతున్నారు. తగలాల్సింది కర్ర తల, తగులుతున్నది మెడ. బరువు మడమల మీద పెట్టి వెనక్కి జరగండి. దగ్గరగా నిలబడ్డారంటే ఇక అంతే సంగతులు."

నా ఒళ్లు భగ్గుమంది. డాక్టరు వెళ్లేదాకా ఆగి, వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

ఆయన బుకాయించలేదు. బుకాయించినా బాగుండేది.

"నీకు ఒక్కసారి చెప్తే ఎక్కుతుంది. వాడికి వందసార్లు చెప్పినా ఎక్కదు. అందుకే చెప్పలేదు."

నన్ను అంత మెచ్చుకోవడం ఆయన నోట అదే మొదటిసారి. ఆ సాయంత్రం నేనూ అట్టపెట్టె పెట్టుకుని, వెనక్కి జరిగి కొట్టాను. బంతి తిన్నగా పోయింది. దాన్ని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను.

కొత్త కోచ్‌గా అన్నయ్య సభ్యులందరి ముందూ ఆడి చూపించాల్సిన రోజు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే వాడికి 'అది' పట్టుకుంది. పెదనాన్న వాణ్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"నా మాట వీడి చెవికెక్కదు. నీ మాటైతే వింటాడు. కాస్త చూడమ్మా."

"రేపు నా పరువు పోయేలా ఉందే," అన్నాడు అన్నయ్య.

కొట్టాడు. బంతి వెళ్లి కంచెకి ఠంగుమని తగిలింది. వేళ్ల మీదకి ఒంగి, బంతి మీదకి పడిపోతున్నాడు. అట్టపెట్టె నా కాలి దగ్గరే ఉంది. దాన్ని పక్కకి తన్ని, పెదనాన్న కళ్లలోకే చూస్తూ చెప్పాను.

"కాస్త దగ్గరగా నిలబడన్నయ్యా."

పెదనాన్న నోరు తెరిచాడు. అది తప్పని చెప్తే, ఆ తప్పు నాకు ఎవరు నేర్పారో కూడా కొడుకు ముందు చెప్పాలి.

అన్నయ్య బుద్ధిగా ముందుకి జరిగాడు. "చాలా నాన్నా, ఇంకాస్తా?"

పెదనాన్న మొహం తిప్పుకున్నాడు.

"మీ చెల్లి చెప్పినట్టు చెయ్యరా."