మళ్ళీ చదవమన్న ముక్క

వారపత్రికలో కథ పడిన నాటి నుంచి కోడలికి కుదురు లేదు. రాసింది మారుపేరుతోనే. తనది కుట్టుపని కనుక, ఎవరూ పోల్చుకోకుండా కథలో ఆడమనిషిని నర్సును చేసింది. మొగుడూ పిల్లలూ ఉన్న ఆ నర్సు ఒక రోగి వీపుకి కట్టు కట్టి, చెయ్యి తీయబుద్ధి కాక అలాగే ఉంచేస్తుంది. కథంతా అంతే. ఆ మాత్రానికే కొంపలు మునిగినట్టు వీధంతా ఒకటే గోల.

కొలతలివ్వడానికొచ్చిన టీచరమ్మ, ఇలాంటివి రాసేదాని చేతులు విరగ్గొట్టాలంది. తగలబెడతానని పత్రిక పట్టుకెళ్ళి, రెండ్రోజులుంచుకుని, ఆ పేజీ మూల మడిచి మరీ తిరిగిచ్చింది. కోడలేమో గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం. ఆ వేళ ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేసింది.

అత్తగారికి చూపు ఆనదు. రోజూ మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చాక కోడలు పత్రిక చదివి వినిపించాలి. ఆ రోజు ఆవిడ ఆ కథే చదవమంది. సంగతి మొగుడి చెవిన పడితే కుట్టుమిషనుతో సహా వీధిలో ఉంటానని కోడలి భయం. అయినా మొదలుపెట్టి, చెయ్యి ఆగిపోయే చోటు రాగానే చప్పుడు చెయ్యకుండా దాటేసింది.

"ఒక ముక్క వదిలేశావు," అంది అత్తగారు.

"అచ్చు సరిగ్గా పడలేదత్తయ్యా."

పొద్దున టీచరమ్మ తనకి చదివి వినిపించినప్పుడు బాగానే పడిందట. ఇక తప్పలేదు.

"'ఈ చెయ్యి నాది కాదనుకుంది. దాని కింది వేడి మాత్రం నాదే అనుకుంది,'" అని గబగబా చదివేసింది.

అత్తగారు దిండు మీద తల ఇటు తిప్పింది.

"కట్టు కడుతూ ఆ నర్సు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుందిట. ఏ ఆసుపత్రిలో ఊరుకుంటారే? నోట్లో సూదులు పెట్టుకుని నువ్వు నాకు జవాబు చెప్పడం పదేళ్ళుగా వింటున్నాను."

కోడలి చెయ్యి దానంతటదే పెదాల మీదికి పోయింది. లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"మావాడు కథలు చదవడు, నీ అదృష్టం. ఈసారి రాస్తే ఇలాంటివి చూసుకో అమ్మాయ్."

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు నుంచే అంది:

"ఆ ముక్క మళ్ళీ చదువు. కాస్త నిదానంగా."