వెండి మీద పసుపు

మాట్లాడాలంటే మెర్ల్ కుబిచెక్ మొహం గోడవైపు తిప్పుకుంటాడు. పక్కనున్న డోరీన్ "కాఫీ తెచ్చుకున్నావా?" అని అడిగినా అంతే. కుర్చీలో నడుమంతా తిప్పి, గోడకు జవాబు చెప్పి, మళ్ళీ దీపం కిందికి వస్తాడు. పాత వెండి డాలరు మీద నోటి తుంపర ఒక్కటి పడినా కొన్నాళ్లకు అక్కడ నల్ల మచ్చ తేలుతుంది, అది ఇక పోదు. అందుకే పాత నాణేల నాణ్యతకు నంబర్లు వేసే ఆ గదిలో నాణెం మీదికి వంగి ఎవరూ మాట్లాడరు. మిగతావాళ్లు ఆ అలవాటును సాయంత్రం గదిలోనే వదిలేసి వెళ్తారు. మెర్ల్ మాత్రం ఇంటికి మోసుకుపోతాడు. భోజనాల బల్ల దగ్గర గోడతో కబుర్లు చెప్పే మొగుణ్ణి చూసి ఆర్డిస్ పెళ్లైన కొత్తలో ఏడ్చింది, తర్వాత నవ్వడం నేర్చుకుంది.

"ఏవయ్యా, నేనేమన్నా వెండి డాలర్నా? ఇటు తిరిగి చెప్పు" అంటుంది ఇప్పటికీ.

ఒమహాలో ఆ గదికి కిటికీలు లేవు. గోడలకు బూడిద రంగు, బల్లకొక దీపం, దీపం కింద నల్లటి మెత్తని గుడ్డ. మెర్ల్‌వి మొక్కజొన్న పొలాల్లో పెరిగిన చేతులు, వేళ్లు లావు, గోళ్లు వెడల్పు. అయినా నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తితే పసిపిల్ల గడ్డం పట్టుకున్నట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి వంగి చూసి మెడ వెనక చిన్న గూను తేలింది. ముందు నాణెం మీద చెక్కిన ఆడమనిషి బొమ్మలో బుగ్గ చూస్తాడు. టంకశాలలో కొట్టిన డాలర్లను గోతాల్లో పోసి విసిరేవారు గనక ఒకదానికొకటి తగిలి, ఆ గాట్లన్నీ పాపం ఆవిడ బుగ్గ మీదే పడ్డాయి. తర్వాత చెవి పైన జుట్టు. ఆ తర్వాత తిరగేసి గద్ద రొమ్ము. చివరికి నాణేన్ని మెల్లగా వంచుతాడు. మంచిదైతే దాని మీద వెలుగు బండిచక్రం ఆకుల్లాగా చుట్టూ తిరుగుతుంది. అప్పుడు డెబ్బైకి ఎంతో ఒక నంబరు వేస్తాడు.

ఒక్కో నాణేన్ని ముగ్గురు చూడాలి. ముందు డోరీన్ చూసి, మధ్యనున్న చెక్కతడికెకు కోసిన కంతలోంచి మెర్ల్‌కు తోస్తుంది. మెర్ల్ తర్వాత కర్టిస్, వాళ్ల పై అధికారి. ఒకరి నంబరు ఒకరికి తెలియకూడదు, నాణెం గురించి ఒక్క మాట అనుకోకూడదు. ముగ్గురి తీర్పూ కలిశాకే దాన్ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అతికేస్తారు. ఇక ఆ నంబరే దాని జాతకం. దేశంలో ఎక్కడ చేతులు మారినా అందరూ ఆ నంబరునే నమ్ముతారు. మెర్ల్ ఎంత మొండివాడంటే, ఒకసారి సొంత బావమరిది నాణేనికి ఒక్క అంకె పెంచనన్నందుకు ఆ ఇంటి థాంక్స్‌గివింగ్ విందుకే పిలుపు ఆగిపోయింది. అతను ఆ ఏడాది ఇంట్లో కొలాచీ రొట్టెలు తిని హాయిగా పడుకున్నాడు.

అలాంటి మనిషికి చలికాలం నుంచి కంట్లో కష్టం మొదలైంది. కాగితంలోనో గుడ్డలోనో ఏళ్ల తరబడి నిద్రపోయిన వెండికి తేనెరంగు తనంతట తనే వస్తుంది. సేకరించేవాళ్లు ఆ రంగు కోసం ప్రాణం పెడతారు. తెలివితక్కువవాళ్లు మెరుపు రావాలని నాణేన్ని ఆమ్లంలో ముంచి కడుగుతారు. అది ముగ్గుపిండిలా తెల్లబడి, చచ్చిపోతుంది. కడిగినదేదో కడగనిదేదో చెప్పడమే మెర్ల్ బతుకంతా చేసిన పని. ఇప్పుడతనికి ప్రతి డాలరూ తేనెరంగులోనే కనిపిస్తోంది. మొదట మంచి సరుకు వస్తోందని సంబరపడ్డాడు. ఒక ఆదివారం ఆర్డిస్ వంటింటికి కొత్త తెరలు కట్టింది. పసుపు రంగు బాగుందన్నాడు. ఆవిడ వేళాకోళమనుకుని నవ్వింది. అవి తెల్లటి తెరలు.

కంట్లో పొర వచ్చిందని, తీసెయ్యడం చిన్న పనేనని డాక్టరు చెప్పాడు. కానీ ఇదే గదిలో రాల్ఫ్ అనే పెద్దాయన ఆ పొర తీయించుకుని వచ్చాడు. వెండి అంతా నీలంగా, నీళ్లు కలిపిన పాలలా కనిపిస్తోందని గొణిగేవాడు. ఎన్నో ఏళ్లు కంటికి నేర్పిన రంగు మళ్ళీ నేర్పలేక చేతులెత్తేసి వెళ్లిపోయాడు. అందుకని మెర్ల్ ఆపరేషన్ వాయిదా వేశాడు. ఆర్డిస్‌కు కళ్లద్దాల నంబరు మారిందని అబద్ధం చెప్పాడు.

ఇంతలో డోరీన్ కూనిరాగం దొరికింది. ఈస్టర్ నాటి నుంచి ఆవిడ పని చేస్తూ చర్చి పాటలు గొంతులోనే పాడుకుంటోంది. మంచి నాణెం కంతలోంచి వచ్చేటప్పుడు రాగం నడుస్తూ ఉంటుంది. కడిగినదో గీసినదో వచ్చేటప్పుడు ఆగిపోతుంది. మెర్ల్ కావాలని వినలేదు, చెవి దానంతటదే అటు పోయింది. పోయాక వెనక్కి రానంది. బుగ్గ మీద గాట్లు తను చూసుకున్నాడు, రంగు సంగతి మాత్రం రాగానికి వదిలేశాడు. ఇది దొంగతనమేనని అతనికి తెలుసు. తెలిసీ రోజూ వచ్చి కూర్చున్నాడు, ఎందుకంటే ఆ దీపం ముందు తప్ప ఇంకెక్కడా తనకు ఏమీ తెలియదని భయం.

ఆ రోజు డోరీన్ చెంప బూరెలా వాచి వచ్చింది. ముందురోజే దవడ పన్ను పీకించుకుంది. పొద్దుటి నుంచి తడికె అవతల చప్పుడు లేదు. నాణేలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. చల్లటి గదిలో మెర్ల్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. గద్ద తోక కింద కార్సన్ సిటీ గుర్తు ఉన్న డాలరు ఒకటి వచ్చింది. ఆ ఊళ్లో కొట్టినవే తక్కువ. తేనెరంగులో నిగనిగలాడింది. వంచి చూస్తే వెలుగు తిరిగినట్టే ఉంది. తిరిగిందో, తిరగాలని అతను కోరుకున్నాడో. అసలు రంగేనని గుర్తు పెట్టి, అరవై నాలుగు వేసి, ముందుకు తోశాడు.

కాసేపటికి కర్టిస్ ఆ నాణెంతోనే వచ్చాడు. ఒకప్పుడు మెర్ల్ దగ్గరే పని నేర్చుకున్నవాడు, అందుకే గొంతు తగ్గించాడు.

"మెర్ల్, ఇది అసలు రంగని పెట్టారు. డోరీనేమో ఇది ఎవరో కడిగినదంది, నాకూ అలాగే ఉంది. పింగాణీ కంచంలా తెల్లగా ఉంది కదండీ?"

మెర్ల్ మళ్ళీ దీపం కింద పెట్టి చూశాడు. తేనె. ఎంత చూసినా తేనె.

"అలిసిపోయుంటాను" అన్నాడు గోడతో.

"పోనీలెండి, ఎవరికైనా జరుగుతుంది. దీనికి మళ్ళీ రాయండి" అని నాణెం అక్కడే ఉంచి కర్టిస్ వెళ్లిపోయాడు.

కాఫీ యంత్రం దగ్గర డోరీన్ చెంపకు మంచుగడ్డ పెట్టుకుని నిలబడి ఉంది.

"ప్రయత్నించాను మెర్ల్. నోరు కదిపితే ప్రాణం పోతోంది. రాగం తీయలేకపోయాను" అంది.

"నీకు తెలుసా?"

"నాకు పాటలొచ్చనుకున్నావా? చర్చిలో పెదాలు ఆడించు చాలు, గొంతు విప్పొద్దన్నారు నన్ను. ఈస్టర్ ముందు ఒక కడిగిన ముక్క మీద నువ్వు అంతసేపు ఆగావు. నువ్వు అలాంటిదాని మీద ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగవు. అప్పుడే అర్థమైంది."

"ఎందుకు చేశావే?"

"నాకు చూడ్డం నేర్పింది ఎవరు? పైగా నువ్వు పోతే పక్కన ఆ టాడ్‌ని కూర్చోబెడతారు. వాడు పచ్చి ఉల్లిపాయ తిని వస్తాడు." నవ్వబోయి చెంప పట్టుకుంది.

మెర్ల్‌కు నవ్వు రాలేదు. ముగ్గురు చూశారని పెట్టెల మీద రాసి ఉంది, చూసింది ఇద్దరే. ఈస్టర్ నుంచి ఎన్ని పెట్టెలు అలా వెళ్లాయో, వాటిలో డోరీన్ పొరబడ్డవి ఎన్నో. ఆ పొరపాట్లు పట్టుకోవాల్సిన కన్ను తనదే.

"అన్నీ వెనక్కి తెప్పించమని కర్టిస్‌కు చెప్పేస్తాను" అన్నాడు.

డోరీన్ మంచుగడ్డను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆవిడ మొగుడు బాబ్ కిడ్నీలు చెడి వారం వారం రక్తం కడిగించుకుంటాడు. ఆ ఖర్చంతా ఈ ఉద్యోగంతో వచ్చే బీమా మీదే నడుస్తోంది. ఆ సంగతి మెర్ల్‌కు తెలియంది కాదు.

"చెప్పాలనుంటే చెప్పు. నేను వద్దనను" అందావిడ.

కర్టిస్ తన గదిలో మాంసం, క్యాబేజీ కూరిన రన్జా రొట్టె తింటున్నాడు. క్యాబేజీ వాసన గదంతా ఉంది. అక్కడ నాణెమేదీ లేదు, అయినా మెర్ల్ గోడవైపే తిరిగాడు. ఆ పూట అది కలిసొచ్చింది.

"నా కళ్లు పోయాయి కర్టిస్. ఇవాళ్టితో ఆపేస్తున్నాను."

కర్టిస్ రొట్టె కింద పెట్టాడు. నిజంగానే బాధపడ్డాడు. కొంత తేలికా పడ్డాడు, అదీ గొంతులో తెలిసింది. తర్వాత అడగాల్సిందే అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

ఈస్టర్ నుంచి అంటే నాణేలన్నీ వెనక్కి వస్తాయి. చూపు లేనివాడి నంబర్లు అన్నాళ్లు డోరీన్ నంబర్లతో ఎలా కలిశాయనే ప్రశ్న వాటి వెనకే వస్తుంది. గోడ మీద ఎవరో కొట్టిన మేకు ఉంది. మెర్ల్ దానివైపు చూస్తూ నిలబడ్డాడు. బావమరిదికి ఒక్క అంకె ఇవ్వని మనిషి.

"ఈ వారం నుంచే" అన్నాడు.

"అమ్మయ్య. అయితే ఈ వారంవి మళ్ళీ చూసుకుంటే సరిపోతుంది కదండీ?"

"సరిపోతుంది."

మళ్ళీ గదిలోకి వెళ్లకుండా పక్క తలుపులోంచే బయటికి వచ్చాడు. జూలై ఎండ మొహాన కొట్టింది. కార్లు నిలిపే చోట ఉన్న ప్రతి తెల్ల కారూ అతనికి పసుపుగానే ఉంది. ఆర్డిస్‌కు ఏం చెప్పాలో తెలుసు. ఆ పెట్టెలు కొనుక్కున్నవాళ్లకు చెప్పాల్సింది మాత్రం ఇక ఎప్పటికీ చెప్పలేడు. ఆ సంగతి తలుచుకుంటూనే కారు తీసుకుని వెళ్లిపోయాడు.

డోరీన్ తిరిగొచ్చి తడికె పక్కనుంచి తొంగిచూసింది. దీపం వెలుగుతూనే ఉంది, గుడ్డ మీద తెల్లని డాలరు ఉంది. కుర్చీ వీపుకు మెర్ల్ వేసవిలో కూడా వేసుకునే గోధుమరంగు స్వెట్టర్ వేలాడుతోంది. ఆర్డిస్ తోలుముక్కలు వేసి కుట్టిన దాని మోచేతులు, బల్లకు ఆనుకున్నట్టు, ఇంకా వంగే ఉన్నాయి.