ప్లాస్టిక్ కింద పట్టు

ఇచ్చేసిన వస్తువు మీద ఇచ్చినవాడికి కోపం తెచ్చుకునే హక్కు ఉంటుందా? ఆ మధ్యాహ్నం అన్నయ్య ఇంటి భోజనాల బల్ల ముందు నిలబడి నన్ను నేను అడిగిన ప్రశ్న అది. జవాబు దాకా ఆగే ఓపిక లేకపోయింది. అప్పటికే నా చెవులు వేడెక్కాయి.

బల్ల మీద మా అక్క నేసిన పట్టుగుడ్డ ఉంది. దాని మీద దళసరి ప్లాస్టిక్ షీటు పరచి ఉంది. షీటు జారకుండా బల్ల నాలుగు పక్కలా జానెడుకొక చిన్న మేకు కొట్టారు. ప్రతి మేకూ పట్టు అంచులోంచే చెక్కలోకి దిగింది. కింద ఆవిరి పట్టి, ఒక మూల గుడ్డ మీద నల్లటి చుక్కలు లేచాయి. బూజు.

అన్నయ్య మా పెదనాన్న కొడుకు. బంధువులందరికీ కవర్ల అన్నయ్య. రిమోట్‌కి కవరు, సోఫాకి కవరు, ఆ సోఫా కవరుకి ఇంకో కవరు. పెళ్ళైన కొత్తలో వదినకు కూడా ఒకటి తొడుగుతాడేమోనని మేమంతా బెంగపడ్డాం.

మూడు నెలల కిందట వాళ్ళు ఈ కొత్త ఇంట్లో చేరిన రోజున ఆ గుడ్డనూ, జోడీగా నేసిన ఎనిమిది చేతిరుమాళ్ళనూ నేనే తెచ్చి ఇచ్చాను. అక్క నేసిన ఆఖరి పని అది. సగం నేత దాటేసరికి ఆమె చూపు మసకబారింది. పోగులు కంటికి ఆనక, వేళ్ళతో తడుముకుంటూ మిగతా సగం పూర్తిచేసింది. మగ్గం మీద నేసిన మేరంతా ఎప్పటికప్పుడు కింది దోనె కర్రకు చుట్టుకుపోతుంది. నేసేవాళ్ళ ముందు ఎప్పుడూ ఉండేది చివరి జానెడే. అందుకే కోసి దించాక గుడ్డను పూర్తిగా పరచి, ఈ కొస నుంచి ఆ కొసకు అరచేత్తో ఒకసారి నిమరడం అక్క పద్ధతి. ముప్ఫై ఏళ్ళలో ఆ పని చేయకుండా ఒక్క గుడ్డనూ గడప దాటనివ్వలేదు. ఈ ఒక్కదాన్నీ నేను దాటించాను. బస్సుకు వేళైందని, కోసింది కోసినట్టే మడతపెట్టి పట్టుకుపోయాను.

ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే గుబులు. చూపుతో నేసిన సగానికి వేళ్ళతో నేసిన సగం సాటివచ్చిందా? బాగుందని అందరం అన్నాం. "మీకేం తెలుసురా, మీకు గోనెపట్టా కూడా బాగానే ఉంటుంది" అంది. తన చేతిని తప్ప ఎవరి మాటనూ నమ్మదు. అన్నయ్య భోజనానికి పిలవగానే అందుకే బయల్దేరింది.

కుర్చీలో కూర్చోగానే అరచేయి బల్ల మీద ఆనించింది.

"ఇదేంట్రా, జారుతోంది?"

ఆ చేయి అంచు దాకా వెళ్ళి మేకు తల దగ్గర ఆగింది. దాని చుట్టూ వేలు ఒకసారి తిరిగింది.

"మేకా?" అంది మెల్లగా.

"గాలికి లేస్తోందక్కా" అన్నాడు అన్నయ్య. "నీ చేతి పని కదా, నూరేళ్ళుండాలని మంచి మందంది చూసి తెచ్చాను."

"నూరేళ్ళుండాలని పసిబిడ్డను డబ్బాలో పెట్టి మూత బిగిస్తామా?" అన్నాను.

"అబ్బో, వచ్చాడండీ! రేపు మరక పడితే నువ్వొచ్చి ఉతుకుతావా?"

"పడనివ్వు. అన్నం తినే బల్ల అది."

వదిన చేతిలోని గిన్నె దించి నా వైపు తిరిగింది. "ఇదిగో మరిదిగారూ, మా మీద ఎగిరితే ఎలా? ఇచ్చిన రోజున మీరేమన్నారు? ఇది ఆషామాషీ గుడ్డ కాదు, చుక్క పడితే పోదు, ఇలాంటిది మళ్ళీ రాదు అని పదిమందిలో చెప్పలేదూ? అప్పట్నుంచీ మంచినీళ్ళ గ్లాసు పెట్టాలన్నా గుండె గుభేలుమంటోంది."

చెప్పాను. గొప్పకు చెప్పాను. అది విన్నాక కోపం తగ్గి ఉండాల్సింది. తగ్గలేదు, రెండు పాయలై ఒకటి నా వైపు తిరిగింది. కానుకతో పాటు భయాన్నీ చుట్టి ఇచ్చింది నేనే. ఇంతకూ అందులో నాదంటూ ఏముంది? మడతా, రిబ్బనూ, ప్రగల్భాలూ. మిగిలినదంతా ఒక మనిషి కళ్ళు. నేను ఇచ్చానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మోసుకొచ్చానంతే.

"పోనీలేరా" అంది అక్క, చేయి ఒళ్ళోకి తీసుకుంటూ. "ఇచ్చేశాక వాళ్ళ ఇష్టం. వడ్డించమ్మా."

ఆ 'పోనీలే' నాకు మింగుడుపడలేదు. గిన్నెలన్నీ తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. చెంచా కాడతో మేకులు పెకలించడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, బల్ల వార్నిష్ రా! నిన్న గాక మొన్న వేయించాను!"

మేకులు ఇరవై రెండు. షీటు గుడ్డను వదలలేక వదలలేక చర్మంలా ఊడివచ్చింది.

అక్క లేచి బల్ల కొసన నిలబడింది. అరచేయి పరచి నడిపించింది. మూరెడు దూరం వెళ్ళాక ఆగింది.

"ఇక్కడ ఒక పోగు తప్పింది."

ఆమె వెనక్కి వచ్చి, కొసన, నేత మొదట్లో వేసిన ముడులు తడిమి చూసుకుంది.

"ఇది మొదలు కదరా? కళ్ళున్నప్పటిది. కళ్ళున్నాయన్న ధీమా." మళ్ళీ కదిలింది. బూజు మూల దగ్గర "ఈ గరుకు నాది కాదు" అని మాత్రం అంది. చివరి దాకా వెళ్ళింది. తిరిగి వచ్చింది. "అటు సగంలో తప్పు లేదు" అంది. ఆ మాట మాకెవరికీ చెప్పినట్టు లేదు.

అన్నయ్య అప్పటికే షీటు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. "చూసుకున్నావుగా అక్కా. ఇక వేసేద్దాం, అన్నాలు చల్లారిపోతున్నాయి."

గుడ్డ వాళ్ళది. షీటూ వాళ్ళదే. నాకు ఏ హక్కూ లేదన్న తర్కమంతా నాకు తెలుసు. దానిలో ఎక్కడా దోషం లేదు. దాన్ని అక్కడే వదిలేశాను. షీటును అతని చేతుల్లోంచి లాగి, చుట్టచుట్టి, చంకలో ఇరికించుకుని మెట్లు దిగాను. వీధి మలుపులోని చెత్తకుండీలో అది పట్టలేదు. కాలితో తొక్కి కుక్కాను.