నీడకి కుట్లు

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మనోజ్ఞ ముఖం కడుక్కుని, మళ్లీ ఆ ఆఫీసు వాళ్ల మధ్యకే వెళ్లడానికి చీర కట్టుకుంటోంది. నెలకి రెండుసార్లు ఈ తంతు తప్పదు. ఎవరికో బదిలీ అవుతుంది, ఎవరిదో పుట్టినరోజు వస్తుంది, బిష్టుపూర్ క్లబ్బులో అందరూ కలిసి భోంచెయ్యాలి.

తల్లి పద్మకుమారి గుమ్మంలోంచి అడిగింది.

"ఏటే, మాత్ర ఏసుకున్నావా?"

"సుబే ఖా లియా మమ్మీ, పొద్దున్నే వేసేసుకున్నా. ఈ పాటికి దాని పని అయిపోయింది. మళ్లీ వేసుకుంటే తెల్లారేదాకా నిద్ర పట్టదు."

"మరి నీడేదీ?"

మనోజ్ఞ కాళ్ల కేసి చూసుకుంది. నేల ఖాళీగా ఉంది.

"పక్కింటోళ్ల డాబా మీదున్నాది, పావురాల కాడ. ఉండు, పిలుత్తన్నాను," అని పద్మకుమారి పెరట్లోకి నడిచింది.

చిన్నప్పట్నుంచీ అంతే. మనోజ్ఞ మనసు ఎటు పోతే నీడ అటు పోయేది. బిర్సానగర్ బడిలో హాజరు వేసేటప్పుడు టీచర్లు పిల్లనీ, నీడనీ విడివిడిగా చూసుకునేవారు. రెండేళ్ల కిందట రాంచీలో డాక్టరు ఈ మొత్తం వ్యవహారానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పాడు. ముప్పై ఏళ్లు తనది బద్ధకమనీ, పొగరనీ అందరూ అంటే నమ్మిన మనోజ్ఞ ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నీడ సంగతి అడిగితే డాక్టరు, "కొందరికి ఉంటుంది" అని మందులచీటీ రాసిచ్చాడు.

ఆఫీసు పనిలో ఇబ్బంది లేదు. మిల్లులో ఏ యంత్రం ఎప్పుడు ఆపాలో, ఏ భాగం ఎప్పుడు మార్చాలో ముందుగా లెక్కగట్టడం ఆమె పని. అందులో పడిందంటే నీడ కుర్చీకి అతుక్కుపోయి అన్నానికి కూడా లేవదు. చిక్కంతా విందులతోనే. స్పూన్ల చప్పుడు, ఏసీ రొద, వెనక టేబులు వాళ్ల ఇంటిస్థలం గొడవ, ఎదురుగా ఉన్న మనిషి మాట, అన్నీ ఒక్క గొంతుతో చెవిలో పడతాయి. ఏది వినాలో తేల్చుకునేలోపు నీడ లేచి వెళ్లిపోతుంది.

పోయిన నెల డైరెక్టరు సత్యప్రసాద్ తన భార్య ఆపరేషన్ గురించి చెబుతున్నాడు. మనోజ్ఞ ఆయన కళ్లలోకే చూస్తూ తల ఊపుతోంది. ఆయన చటుక్కున ఆగి కిందికి చూశాడు. ఆమె కుర్చీ కింద ఏమీ లేదు. నీడ ఆ చివర జిలేబీ మూకుడు దగ్గర నిలబడి ఉంది. ఆయన పళ్లెం తీసుకుని ఇంకో టేబులుకి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం బాస్ జయప్రకాష్ పిలిచాడు.

"సెక్షన్ హెడ్ పోస్టుకి నువ్వూ, సిద్ధార్థూ ఉన్నారు. పనిలో నీకు సాటి లేదు. కానీ హెడ్ అయితే వారానికి రెండు విందులుంటాయమ్మా. నీడ లేకుండా కస్టమర్ ముందు కూర్చుంటే ఏం బావుంటుంది?"

ఆయన లేచి తలుపు వేసి, ప్యాంటు అంచు పైకెత్తాడు. మడమల చుట్టూ నల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్లు. నీడ పాదాలకి బిగిసిపోయి ఉంది.

"మీకూ ఉందా సార్?"

"పదిహేనేళ్ల కిందట కుట్టించేశాను. బర్మామైన్స్‌లో ఆదిబాబు అని దర్జీ ఉన్నాడు."

"నొప్పి ఉంటుందా?"

"అస్సలుండదు," అన్నాడు జయప్రకాష్, ప్యాంటు గబుక్కున దించేసి.

మనోజ్ఞ ఆదిబాబుకి ఫోన్ చేసింది. శనివారం పదకొండింటికి రమ్మన్నాడు. ఆ సంగతి జయప్రకాష్‌కీ చెప్పేసింది. శనివారమంటే రేపే. ఈ ఒక్క విందూ ఎలాగో గట్టెక్కితే చాలు.

క్లబ్బులో గోడవారగా చోటు చూసుకుని, కుర్చీ ముందుకాళ్లు రెండూ నీడ అంచు మీద పడేలా లాక్కుని కూర్చుంది. ఎవరు మాట్లాడినా కళ్లలోకి చూసి, ఐదు లెక్కపెట్టి, తల ఊపాలని పెట్టుకుంది. లెక్కపెట్టే ధ్యాసలో మాటలు జారిపోయాయి. సిద్ధార్థ్ చెప్పిన జోకుకి అందరూ నవ్వి ఆగాక ఒక్కతే నవ్వింది. ఇప్పటికి మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చింది, నాలుగోసారి లేస్తే బావుండదు. గోడకీ, టేబులుకీ మధ్య ఆమె కాలు దానంతటదే ఆడుతోంది. కుర్చీ కింద నీడ వలలో చేపలా కొట్టుకుంటోంది. ఇంకెంతసేపు? అప్పటికి ముప్పావుగంటే అయింది.

జయప్రకాష్ కాగితం పట్టుకుని లేచాడు. "కొత్త సెక్షన్ హెడ్..." అది ఇవాళే చెబుతారని మనోజ్ఞ అనుకోలేదు.

కుర్చీ కింద ఏదో తెగినట్టయింది. నీడ జర్రున నేల మీద పాకింది. ఈసారి జిలేబీల వైపు వెళ్లలేదు. తిన్నగా జయప్రకాష్ పాదాల దగ్గర వంగి కూర్చుని, కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.

"వద్దు," అంది మనోజ్ఞ. ఆ సందడిలో ఎవరికీ వినపడలేదు.

ఆఖరి ముడి ఊడింది. జయప్రకాష్ నీడ తిమ్మిరెక్కిన కాళ్లతో తూలుతూ లేచి, ఒళ్లు విరుచుకుంది. రెండు నీడలూ తలుపు దాటి బయటికి వెళ్లిపోయాయి. ఆయన మాట అక్కడే ఆగిపోయింది. కాగితం టేబులు మీద పెట్టి, నీడ వెనకాలే నడిచాడు. మనోజ్ఞ కూడా లేచింది.

బయట పచ్చిక మీద దీపాల వెలుతురులో నీడలు రెండూ పరుగులు పెడుతున్నాయి. జయప్రకాష్ బల్ల మీద కూర్చుని, బూట్లు విప్పి మడమలు రుద్దుకుంటున్నాడు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

"సారీ సార్. ఆపలేకపోయాను."

"నీకు అబద్ధం చెప్పాను మనోజ్ఞా. నొప్పి ఉంటుంది. రోజూ సాయంత్రం, ఇలా నలుగురిలో కూర్చున్నప్పుడల్లా." బూట్లు పక్కకి నెట్టాడు. "రేపు వెళ్లకు."

"మరి పోస్టు?"

"ఆ కాగితంలో సిద్ధార్థ్ పేరుంది. నువ్వు కుట్టించుకునేదాకా ఆగమన్నాను. పైవాళ్లు వినలేదు."

మనోజ్ఞ బల్ల అంచున కూర్చుంది. దక్కని పోస్టు కోసం రేపు సూది కింద కాళ్లు పెట్టేది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటి వెనకా ఎక్కడో ఊపిరి కూడా ఆడింది.

ఆయన ఉత్తకాళ్లతోనే, నీడ లేకుండానే లోపలికి వెళ్లి సిద్ధార్థ్ పేరు చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకే వచ్చిన మనోజ్ఞ కూడా కొట్టి, సత్యప్రసాద్ దగ్గరికి వెళ్లింది.

"నేను ఇంటికి వెళ్తాను సార్. ఈ సందడిలో నాకేదీ వినపడదు. పోయినసారి మేడం గురించి మీరు చెప్పింది కూడా వినలేకపోయాను. పొద్దుటిపూట ఎప్పుడైనా చెబితే కూర్చుని వింటాను."

ఆయన చేతిలో పళ్లెం కింద పెట్టాడు. "బుధవారం పదింటికి రా," అన్నాడు.

శనివారం మనోజ్ఞ ఆదిబాబుకి ఫోన్ చేసి రావటం లేదని చెప్పింది.

సోమవారం జయప్రకాష్ గదిలో మిల్లు మరమ్మతుల మీద మాట్లాడుకుంటున్నారు. చెబుతూ చెబుతూ ఆయన వాక్యం మధ్యలో ఆగి కిటికీ బయటికి చూడసాగాడు. టేబులు కింద ఆయన నీడ లేదు. మనోజ్ఞ గొంతు సవరించుకోలేదు, వాచీ చూసుకోలేదు. పెన్ను కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

కొంతసేపటికి ఆయన ఇటు తిరిగాడు.

"ఎక్కడున్నాం?"

"రెండో మిల్లు దగ్గర సార్," అంది మనోజ్ఞ. "తొందరేం లేదు."