మూలం దొరకని వాక్యం

నాన్న పోయి నెల కాలేదు, ఆ అమ్మాయి కంట చుక్క నీరు రాలేదు. బంధువులు చెవులు కొరుక్కున్నారు. ఆమె మాత్రం కాలేజీకి వెళ్ళింది, వేళకు తిన్నది, వంతెనల మీద వ్యాసం రాసి ఇచ్చింది. లోపలంతా మొద్దుబారిపోయింది. అది ధైర్యమో, గుండె రాయి కావడమో ఆమెకే తెలియదు.

ఆ వ్యాసం తిరిగొచ్చింది. మూడో పేజీలో ఒక వాక్యం కింద ఎర్రగీత, పక్కన 'మూలం దొరకలేదు' అని రాత. సాయంత్రంలోగా సరిచేయకపోతే కాపీ కింద లెక్క. కాపీ అంటే ఇక ఆ ఏడాదికి నీళ్ళొదులుకోవడమే.

'వంతెన ఒక్క పెద్ద లారీకి కూలదు. రోజూ నడిచే చిన్న బళ్ళకు కూలుతుంది.' ఇదీ ఆ వాక్యం. చెప్పింది నాన్నే. కాలేజీలో వంతెనల కోర్సు చెప్పింది ఆయనే మరి. మూలం దగ్గర ఆమె ఆయన పాఠం స్లైడ్ల లింకు ఇచ్చింది. మనిషి పోయిన వారానికే ఆఫీసువాళ్ళు ఆయన ఖాతా మూసేశారు, స్లైడ్లూ దాంతోపాటే పోయాయి. ఇలాంటి పనులకు మాత్రం ఆఫీసుకు ఎక్కడలేని చురుకూ పుట్టుకొస్తుంది.

ఆయన స్థానంలో వచ్చిన మేడమ్ గదికి వెళ్ళింది.

"చదివేవాళ్ళు వెతికితే దొరకాలమ్మా, అదీ రూలు. ఏ పుస్తకంలోనైనా ఉందా?" అంది మేడమ్.

"వెతికానండీ, లేదు. క్లాసులో చెప్పారంతే."

"పోనీ తీసెయ్."

"వ్యాసమంతా దాని మీదే ఉందండీ."

మేడమ్ కళ్ళజోడు తీసి ఆలోచించింది. "అయితే 'వ్యక్తిగత సంభాషణ' అని రాసి తేదీ వెయ్యి. దానికి నా సంతకం చాలు. మీ నాన్నగారేగా, ఇంట్లో చెప్పారనుకుంటారు."

ఇంట్లో! క్లాసులో గలగలా మాట్లాడే మనిషి, గడప దాటి లోపలికొస్తే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవారు. తిన్నావా, పడుకో, తలుపు వెయ్యి. అంతే. ఆయన మనసులో ఏముంటుందో తెలుసుకుందామనే ఆమె ఆ కోర్సులో చేరింది. చివరి వరుసలో, ఎనభై మందిలో ఒకతెగా కూర్చుని కన్నతండ్రి మాటలు విన్నది.

అయినా రాసింది, వ్యక్తిగత సంభాషణ అని. మేడమ్ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోతూ ఆగింది.

"ఆయన నీతో అన్నవి ఇంకేమైనా ఉంటే ఇప్పుడే పెట్టుకో. అన్నిటికీ ఒకేసారి సంతకం చేసేస్తాను."

ఆమె నిలబడి ఆలోచించింది. నిజంగానే వెతికింది, చిన్నప్పటి నుంచీ.

"ఇంకేం చెప్పలేదండీ," అంది.

పైకి అన్నాక గానీ అది ఎంత నొప్పో ఆమెకు తెలియలేదు.